టైరు చెడితే ఎవరిని అడగాలి?

కారు టైరు గురించి ఆడవాళ్ళకెందుకు, అది మగవాళ్ళు చూసుకునే వ్యవహారం కదా అని మీలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కుక్కరు రబ్బరు సరిగా కూర్చోకపోతే దుకాణానికి పట్టుకుపోయి, గట్టిగా అడిగి మార్చుకొచ్చేదాన్ని. కారు సంగతి వచ్చేసరికి మాత్రం వెనక సీట్లో కూర్చోవడం వరకే నా పని అనుకున్నాను. ఆ సీట్లో నా పక్కన కూర్చునేది నా పిల్లలే కదా! కారు ఎంత పెద్దదైనా ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు ఇంచుమించు మన అరచెయ్యంతే. అలాంటి నాలుగు అరచేతుల మీద మన సంసారమంతా పోతూ ఉంటుంది.

మేముండేది నంద్యాలలో. మా అక్కవాళ్ళది ఆళ్లగడ్డ. అక్క కూతురి సీమంతానికి బయలుదేరాం. అంతకు పందొమ్మిది రోజుల ముందే ముందు చక్రాలకు రెండు కొత్త టైర్లు వేయించారు మావారు. శిరివెళ్ల దాటామో లేదో, స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. రోడ్డు పక్కన ఆపి చూస్తే ఎడమవైపు ముందు టైరు పక్కభాగంలో నిమ్మకాయంత ఉబ్బు! పిల్లలిద్దరినీ దింపి చెట్టు కింద నిలబెట్టి, స్టెప్నీ మార్చుకుని, మెల్లగా ఆళ్లగడ్డ చేరాం. దారిపొడుగునా నా చెయ్యి చిన్నదాని భుజం మీదనే ఉండిపోయింది.

అక్కడ పంక్చరు షాపు అబ్బాయి చూసి, "అక్కా, ఈ టైరు మీద ఇంక పోవద్దు. ఇది ఎప్పుడు పగులుతుందో చెప్పలేం" అన్నాడు. రిమ్మును చుట్టూ తడిమి చూసి ఎక్కడా సొట్ట లేదన్నాడు. నేను అతనితో అదే మాట చీటీ మీద రాయించుకున్నాను. తేదీ, కారు తిరిగిన కిలోమీటర్లు, "ఎడమ ముందు టైరు పక్కన ఉబ్బు, రిమ్ముకు సొట్ట లేదు" అన్న వాక్యం, కింద అతని సంతకం. ఆ చిన్న చీటీయే తరువాత మాకు పెద్ద అండ అయింది.

ఈ ఉబ్బు ఎందుకు వస్తుందో ముందు తెలుసుకుందాం. టైరంటే ఉత్త రబ్బరు కాదు. లోపల గట్టి దారాల పొర ఉంటుంది, పైభాగంలో ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. గాలి ఒత్తిడిని ఆపేది ఆ దారాలే. అవి తెగినచోట, లేదా పొరలు సరిగా అతుక్కోని చోట గాలి రబ్బరును బయటికి తోస్తుంది. చిరిగిన దిండు గలీబులోంచి దూది ఉబికినట్లన్నమాట. దారాలు తెగడానికి కారణం పెద్ద గుంతలో పడడం కావచ్చు, తయారీలో లోపం కావచ్చు. తగువంతా ఇక్కడే! గుంతలో పడిందైతే చాలాసార్లు రిమ్ముకు సొట్ట గాని, టైరు లోపలివైపు నొక్కుకుపోయిన గుర్తు గాని కనిపిస్తుంది. ఏ గుర్తూ లేకపోతే తయారీ లోపమని అడగడానికి బలం వస్తుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. పక్కభాగంలో నిలువుగా సన్నని గీతలాగా లోపలికి నొక్కుకున్నట్లు ఉంటే కంగారు పడకండి. అది లోపలి పొర రెండు కొనలూ కలిపిన అతుకు మాత్రమే. బయటికి ఉబికిందే ప్రమాదం.

మర్నాడు నంద్యాల దుకాణానికి మావారితో పాటు నేనూ వెళ్ళాను. దుకాణదారు టైరు వంక ఒక్క చూపు చూసి, "గుంతలో పడేసి ఉంటారమ్మా" అన్నాడు. కాదంటే, "కంపెనీవాళ్ళను అడుక్కోండి, మేం అమ్మేవాళ్ళమే గాని చేసేవాళ్ళం కాదు" అన్నాడు. బిల్లు చూపిస్తే, "ఈ బిల్లు ఈ టైరుదేనని ఏంది గుర్తు?" అన్నాడు. ఆ మాటకు నా నోట మాట రాలేదు. బిల్లు మీద టైరు నంబరు రాయించుకోలేదు మేము. తప్పు మాదే. అయితే రెండో టైరు కారుకు ఉండనే ఉంది. రెండూ ఒకే సైజు, ఒకే వారంలో తయారైనవి. బిల్లులో "రెండు టైర్లు" అని ఉంది. అది చూపించాక ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు.

ఇంతకీ తయారైన వారం మాకెలా తెలిసింది? టైరు మీదే రాసి ఉంటుంది. ఆళ్లగడ్డ శిల్పుల సంగతి మీకు తెలిసిందే. శిల్పి ముందు రాయిని తట్టి మోత వింటాడు, పగులు లేదని నమ్మకం కుదిరాకే ఉలి పెడతాడు. కొనేటప్పుడు మనమూ టైరును అలా ఒకసారి పరికించాలి. పక్కభాగంలో నాలుగంకెల ముద్ర ఒకటి ఉంటుంది. 1424 అని ఉంటే 2024వ సంవత్సరంలో 14వ వారం, అంటే ఏప్రిల్ మొదటి వారంలో తయారైందని అర్థం. ఊరికే ఉన్నా రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి పాత సరుకు వద్దని చెప్పే హక్కు మీకుంది. రెండోది, ఐఎస్‌ఐ గుర్తు. మూడోది, సైజు. డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీలో మీ కారుకు తగిన సైజూ, ఎంత గాలి కొట్టించాలో కూడా ఉంటుంది. ఇవి చూసుకున్నాక బిల్లు మీద కంపెనీ పేరు, సైజు, ఒక్కొక్క టైరు నంబరు రాయించండి. వారంటీ కార్డు ఉంటే ముద్ర వేయించండి. "బిల్లు లేకుండా అయితే తగ్గించి ఇస్తాం" అంటారు కొందరు. ఆ తగ్గించే నాలుగు డబ్బులతో మన చేతిలోని హక్కునే వాళ్ళు కొనేసుకుంటున్నారని గుర్తుంచుకోండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం కూడా అనుచిత పద్ధతే. కాబట్టి "కంపెనీని అడుక్కోండి" అని దుకాణదారు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. డబ్బు పుచ్చుకుని బిల్లు ఇచ్చింది అతను. ఫిర్యాదు దాకా వస్తే దుకాణాన్నీ కంపెనీనీ ఇద్దరినీ ఎదుటి పక్షంగా చేర్చవచ్చు.

మేము ఏం చేశామో చెబుతాను. ఒక కాగితం మీద కొన్న తేదీ, బిల్లు నంబరు, జరిగిన సంగతి, మేము కోరేది నాలుగు ముక్కల్లో రాశాను. కోరేది స్పష్టంగా రాయాలి, తెలిసిందా! "న్యాయం చేయండి" అంటే ఎవరికీ అర్థం కాదు. "టైరు మార్చి ఇవ్వండి, లేదా డబ్బు వాపసు చేయండి, పదిహేను రోజుల్లో జవాబివ్వండి" అని రాశాను. రెండు ప్రతులు పట్టుకుపోయి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయమన్నాను. వేయనన్నాడు. ఇంటికొచ్చి అదే కాగితాన్ని దుకాణానికీ కంపెనీకీ స్పీడ్ పోస్టులో పంపాను. మునుపు ఇలాంటివాటికి రిజిస్టరు పోస్టు వాడేవాళ్ళం. 2025లో అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. రసీదు మాత్రం భద్రంగా దాచుకోవాలి.

పది రోజులకు కంపెనీ తరఫు మనిషి వచ్చాడు. టైరును మా ఎదుటే రిమ్ము నుంచి విప్పాడు. లోపల నొక్కుడు గుర్తు లేదు, కోత లేదు. పంక్చరు షాపు చీటీ చదివాడు. ఆ తరువాత ఎక్కువ మాటలు జరగలేదు, కొత్త టైరు వచ్చింది. బిగింపు కూలి మేమే పెట్టుకున్నాం. ఆనాటి భయానికి మాత్రం ఎవరూ వెల కట్టలేదు.

మా అక్కవాళ్ళ పక్కింటివారికీ అంతకుముందు ఏడాది ఇలాగే జరిగింది. వాళ్ళు ఆ కోపంలో టైరును పాతసామాన్ల వాడికి ఇచ్చేశారు. తరువాత అడగడానికి పోతే చూపించడానికి ఏమీ లేదు. అందుకే మళ్ళీ చెబుతున్నాను: చెడిన టైరే మీ సాక్షి. దాన్ని పారేయకండి, ప్యాచీ వేయించకండి, మీరు లేనిచోట విప్పనివ్వకండి. కంపెనీకి అప్పగించవలసి వస్తే నంబరు రాసిన రసీదు తీసుకోండి, అన్ని వైపులా ఫోటోలు తీసి ఉంచండి.

కొంతకాలం వాడిన టైరైతే పూర్తి ధర రాకపోవచ్చు. కంపెనీలు సాధారణంగా మిగిలిన గాడుల లోతును బట్టి లెక్క కడతాయి. కొత్తలో లోతు 8 మిల్లీమీటర్లు అనుకుందాం. 1.6 మిల్లీమీటర్లకు వస్తే టైరు తీసేయాలి. అంటే వాడుకోదగింది 6.4. మీ టైరులో ఇంకా 4.8 మిగిలి ఉంటే, వాడదగినది 3.2, సరిగ్గా సగం. అప్పుడు సగం ధర తగ్గించి కొత్తది ఇవ్వడం పద్ధతి. ఈ లెక్క మీకు తెలిసి ఉంటే ఎవరూ బుకాయించలేరు.

మన వైపు తప్పు లేకుండా చూసుకోవడమూ ముఖ్యమే. గాలి ఎక్కువైతే టైరు నడిమి భాగం అరుగుతుంది. తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి. ఒకే అంచు అరిగితే చక్రాల అలైన్‌మెంటు తప్పిందన్నమాట. ఇలాంటి అరుగుదలను ఎవరూ లోపంగా ఒప్పుకోరు. గాలి తక్కువైన టైరు పక్కలు ఎక్కువగా వంగి వేడెక్కుతాయి. మన నంద్యాల ఎండల సంగతి చెప్పాలా! ప్రయాణానికి ముందు, చక్రాలు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించండి. స్టెప్నీని మరవకండి.

ఇన్ని చేసినా వాళ్ళు వినకపోతే? ముందు 1915 నంబరుకు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయండి. మొదటి చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. సరుకు ఏ ఊళ్ళో కొన్నా మీరు కాపురముండే చోటి కమిషనులోనే ఫిర్యాదు చేసుకునే సౌకర్యం దీనిలో వచ్చింది. కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. వకీలు లేకుండా మీరే చెప్పుకోవచ్చు. కారణం ఏర్పడిన రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. లోపం తేల్చడానికి అవసరమైతే కమిషను టైరును పరీక్షశాలకు పంపిస్తుంది. మీ మాట నిజమని తేలితే మార్చి ఇమ్మనవచ్చు, డబ్బు వాపసు ఇమ్మనవచ్చు, నష్టపరిహారమూ ఇప్పించవచ్చు. సొంతంగా బతుకుతెరువుకు ఒక కారు నడుపుకునేవారికీ ఈ చట్టం వర్తిస్తుంది.

ఆ రోజు దుకాణంలో ఒక మాట విన్నాను. "మీకేం తెలుస్తుందమ్మా, సారును మాట్లాడనివ్వండి" అన్నాడు దుకాణదారు. నిజమే, అప్పటికి నాకు తెలిసింది తక్కువే. కాని ఉబ్బు చూసింది నేను, చీటీ రాయించింది నేను, పిల్లలను దింపింది నేను. ఈసారి మీరు మహానందికో అహోబిలానికో బయలుదేరేటప్పుడు చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఒక్క రెండు నిమిషాలు కారు చుట్టూ తిరిగి రండి. నాలుగు టైర్లనూ చేత్తో తడిమి చూడండి. బీరువాలో నగల బిల్లుల పక్కన టైరు బిల్లుకు కూడా కాస్త చోటివ్వండి. ఇంక సెలవు.