బాతుపిల్ల కోడిపిల్ల కాదు

తమిళనాడులోని తేని జిల్లాలో, ముల్లైపెరియారు నీళ్లతో పండే కంబం లోయలో వరికోతలు కాగానే బాతుల మందలు మడుల్లోకి దిగుతాయి. రాలిన గింజలూ నత్తలూ ఏరుకుని తింటూ ఊరి నుంచి ఊరికి సాగిపోతాయి. అక్కడికి కాస్త దూరంలో, వైగై ఆనకట్ట పక్కన ఉన్న ఆండిపట్టి చుట్టూ మెట్ట పొలాలు ఎక్కువ. నాయక రాజుల కాలం నుంచి ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆవులూ మేకలూ కోళ్లూ తరాలుగా తెలిసినవే. బాతుకు మాత్రం పెరట్లో అంత చరిత్ర లేదు. పిల్లలు మారాం చేస్తే ఒకటో రెండో బాతుపిల్లలు ఇంటికొస్తాయి. మేత, వైద్యం, జాగ్రత్తలు అన్నీ కోడిపిల్లకు చేసినట్టే జరుగుతాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఆండిపట్టిలోనే కాదు, కోయంబత్తూరు పల్లెల్లోనైనా కొల్లేటి గట్టునైనా బాతుపిల్ల నీరసపడిందంటే అందరూ ముందు రోగం పేరు వెతుకుతారు. మేత తొట్టినీ, నీళ్ల గిన్నెనీ, గంపలో పరిచినదాన్నీ చూసేవాళ్లు తక్కువ. నిజానికి చూడాల్సినవి ముందుగా ఆ మూడే.

“కాళ్లు వంకరపోయాయి, కాల్షియం తక్కువైంది”

రెండు వారాల పిల్ల కుంటుతుంది. మోకాలిలా కనిపించే వెనక కీలు ఉబ్బుతుంది, కాళ్లు విల్లులా వంగుతాయి. నాలుగడుగులు వేసి కూలబడుతుంది. ఇంట్లోవాళ్లు మందుల షాపు నుంచి కాల్షియం సిరప్ తెచ్చి పోస్తారు. కాల్షియం, డి విటమిన్ తగ్గినా కాళ్లు చెడతాయి, అందులో అబద్ధం లేదు. అయితే కోళ్ల మేత తినే బాతుపిల్లలో ముందుగా అనుమానించాల్సింది నయాసిన్ లోపాన్ని, అంటే బి3 విటమిన్ తక్కువ కావడాన్ని.

కోడి తన మేతలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కొంత నయాసిన్ తయారు చేసుకోగలదు. బాతుకు ఆ శక్తి బాగా తక్కువ. అందుకే దానికి మేతలోనే ఎక్కువ అందాలి. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994లో ప్రకటించిన లెక్క ప్రకారం గుడ్ల జాతి కోడిపిల్లకు కిలో మేతలో 27 మిల్లీగ్రాముల నయాసిన్ సరిపోతే, బాతుపిల్లకు 55 కావాలి. రెట్టింపు! కోడిపిల్లల దాణా తిన్న బాతుపిల్ల కడుపు నిండుతుంది గానీ ఆ లోటు తీరదు.

నూకలూ జొన్నలూ మొక్కజొన్నలూ మాత్రమే పెట్టే ఇళ్లలో ఇబ్బంది ఇంకా ముదురుతుంది. మొక్కజొన్నలో ఉన్న కాస్త నయాసిన్ కూడా ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. ఈ లోపమే మనుషులకు వస్తే పెల్లాగ్రా అంటారు. దక్కనులో జొన్నన్నమే ప్రధానంగా తినేవాళ్లలో ఆ జబ్బును పరిశీలించి, జొన్నలో ఎక్కువగా ఉండే అమైనో ఆమ్లం ల్యూసిన్‌కు దానితో సంబంధం ఉందని 1960లో డాక్టర్ సి. గోపాలన్ బృందం ప్రతిపాదించింది. ఆయన పనిచేసిన పరిశోధనశాల, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, అంతకు రెండేళ్ల ముందే నీలగిరుల్లోని కూనూరు నుంచి హైదరాబాదుకు మారింది. తిండిలో ఒక్క విటమిన్ తగ్గితే ఒళ్లంతా ఎలా చెడుతుందో ఆ జొన్న కథే చెబుతుంది.

బాతుపిల్లకు ఊరట ఏమిటంటే, తొలి రోజుల్లోనే గుర్తిస్తే చాలావరకు కోలుకుంటుంది. మేతలో బ్రూవర్స్ ఈస్ట్ కలపడం అందరికీ తెలిసిన ఉపాయం. వంద గ్రాముల మేతకు ఐదారు గ్రాములు వాడుకలో ఉన్న పాళ్లు. ఉడికించిన బఠాణీలు, ముళ్లు తీసిన చిన్న చేపల ముక్కలు కూడా మేలు చేస్తాయి. అప్పటికే కూలబడిన పిల్లకు మాత్రం నయాసిన్ మాత్ర కావాలి, ఆ మోతాదు పశువైద్యుడు చెప్పాలి. కీలు బిగిసి వంకర ముదిరిపోయాక ఏ ఈస్టూ దాన్ని వెనక్కి తేలేదు.

కాళ్లు వంగకుండా రెండు పక్కలకూ చీలిపోయినట్టు జారిపోతుంటే అది వేరే సమస్య. గంపలో పరిచిన న్యూస్‌పేపరే దానికి కారణం కావచ్చు. నున్నటి కాగితం మీద లేత కాళ్లు నిలవవు. దాని బదులు గరుకు గుడ్డో గోనెపట్టో పరచాలి. రెండు కాళ్లూ తిన్నగా ఉండేలా మెత్తటి పట్టీతో వదులుగా జత కలిపి కడితే, మొదటి రోజుల్లోనైతే కొద్ది రోజులకే సర్దుకుంటాయి.

“వేరుశనగ చెక్క పెడితే బలం పుంజుకుంటుంది”

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. అందులో సగం నిజం ఉంది కాబట్టే అంత ప్రమాదం. వేరుశనగలో మాంసకృత్తులు దండిగా ఉన్నాయి, నయాసినూ ఉంది. పశువులకు చెక్క పెట్టి పాలు పిండిన ఇంట్లో, నీరసించిన బాతుపిల్లకు కాస్త నానబెట్టి పెట్టాలనిపించడం సహజం.

1960లో ఇంగ్లండులో కొద్ది నెలల్లోనే లక్షకు పైగా టర్కీ పిల్లలు చచ్చిపోయాయి. ఎందుకో తెలియక ఆ జబ్బుకు ‘టర్కీ ఎక్స్’ అని పేరు పెట్టారు. వేల బాతుపిల్లలు కూడా అలాగే పోయాయి. వెతుక్కుంటూ వెళ్తే బ్రెజిల్ నుంచి ఓడలో వచ్చిన వేరుశనగ పిండి దగ్గర దారి ఆగింది. దానిలో ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే బూజు విడిచిన విషం ఉంది. అఫ్లటాక్సిన్ అనే పేరు అక్కడే పుట్టింది. ఆ విషం బాతుపిల్ల కాలేయాన్ని ఎంత తేలిగ్గా దెబ్బతీస్తుందంటే, గింజల్లో అది ఉందో లేదో తేల్చడానికి శాస్త్రవేత్తలు కొన్నాళ్లు ఒక్కరోజు వయసున్న బాతుపిల్లలనే పరీక్షకు వాడారు. కిలో బరువుకు ఒక మిల్లీగ్రాములో మూడో వంతు అందితే సగం పిల్లలు చనిపోతాయి. యాభై గ్రాముల పిల్లకు ఆ లెక్క కట్టి చూస్తే మిల్లీగ్రాములో దాదాపు అరవయ్యో వంతు. కోడి దానికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. కాబట్టి కోడిపిల్లలు అదే చెక్క తిని హాయిగా తిరుగుతున్నాయన్న సాక్ష్యం బాతుపిల్ల విషయంలో చెల్లదు.

ఈ విషం మనుషులనూ వదల్లేదు. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. దాన్ని విడమర్చి చెప్పినవాళ్లూ హైదరాబాదు పోషకాహార సంస్థవాళ్లే. వేరుశనగలో అఫ్లటాక్సిన్‌ను తగ్గించే పనిలో పటాన్‌చెరు ఇక్రిశాట్ దశాబ్దాలుగా ఉంది.

చెక్కను ఉడికిస్తే విషం పోతుందనుకోవడం కూడా పొరపాటే. ఇంటి పొయ్యి మీది వేడికి అఫ్లటాక్సిన్ పెద్దగా తగ్గదు. బూజు కంటికి కనిపించనంత మాత్రాన విషం లేదని కాదు, పైన దులిపేసినా లోపల మిగిలి ఉండొచ్చు. తడి తగిలిన గింజలు, ముక్కవాసన కొట్టే నిల్వ దాణా, వర్షాకాలం మూల పడేసిన చెక్క... ఇవేవీ బాతుపిల్ల నోటికి అందకూడదు. మేత కొద్దికొద్దిగా కొని, పొడి డబ్బాలో ఉంచి, తొందరగా వాడెయ్యాలి.

“నీటి పక్షి కదా, తొట్టిలో వదిలితే చాలు”

మన ఊళ్లలో బాతుగుడ్లను పొదిగే కోడి కింద పెట్టడం పాత అలవాటు. ఇరవై ఎనిమిది రోజులకు పిల్లలు బయటికొస్తాయి. మందలవాళ్ల దగ్గర కొన్నవైతే వాటికి ఏ తల్లీ ఉండదు. తల్లి బాతు వెంట ఉన్న పిల్ల తడిసినా దాని రెక్కల కింద దూరి ఆరి, వెచ్చబడుతుంది. ఒంటరి పిల్లకు ఆ దారి లేదు. దాని నూగు నీటిని పీల్చుకుంటుంది, ఒళ్లు చల్లబడుతుంది, గట్టుకు ఎక్కలేకపోతే మునిగిపోతుంది కూడా. జబ్బు పడిన పిల్లకైతే చల్లటి తొట్టి మరీ ముప్పు. మొదటి వారం గంపలో 32 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, ఆపైన వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. బల్బు ఒక పక్కనే వేలాడదీస్తే, వేడెక్కినప్పుడు పిల్ల రెండో పక్కకు జరుగుతుంది. ఈత సరదా తీర్చాలంటే గోరువెచ్చటి నీళ్లు, కాలు ఆనేంత లోతు, పక్కన మనిషి, కొద్ది నిమిషాలు. ఆ వెంటనే తుడిచి ఆరబెట్టాలి.

అలాగని నీళ్లు దాచెయ్యడమూ తప్పే. ముక్కూ కళ్లూ మునిగేంత లోతు గిన్నె ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కోడిపిల్లల నీళ్ల పళ్లెం చాలదు. ముక్కు రంధ్రాల్లో మేత గట్టిపడి, కళ్లు ఊసులు కట్టి మూసుకుపోవడానికి చాలాసార్లు అదే కారణం. మేత పెట్టినప్పుడు నీళ్లు పక్కన లేకపోతే గొంతులో అడ్డం పడుతుంది. అయితే వేసవిలో ఎండిపోతున్న కుంటల్లోని మురికినీళ్లకూ, చచ్చిన జంతువుల మీది పురుగులకూ దూరంగా ఉంచాలి. వాటిలో పెరిగే బొటులిజం విషానికి బాతు మెడ నిలబెట్టలేక వాలిపోతుంది.

“ఒళ్లు కాలిపోతోంది, జ్వరం మాత్ర వేద్దాం”

బాతు మామూలు ఒంటి వేడే 41, 42 డిగ్రీలు. మనిషి చేతికి అది జ్వరంలా తగులుతుంది. పారాసెటమాల్ చిదిమి పెట్టడం, ఇంట్లో మిగిలిన టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి నీళ్లలో కలపడం వల్ల పిల్లకు మేలు జరగదు, మోతాదు తప్పితే కీడే. నయాసిన్ లోపానికీ విషానికీ చలికీ యాంటీబయాటిక్ పనిచెయ్యదు. యాంటీబయాటిక్ మందులను ఇష్టమొచ్చినట్టు వాడితే మనుషుల వైద్యానికే ముప్పు కాబట్టి 2019 జూలైలో కేంద్రం కోళ్లకూ పశువులకూ కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. వణుకు, మూసుకుపోతున్న కళ్లు, పచ్చటి నీళ్ల విరేచనం, మేత మానడం... నిజంగా చూడాల్సినవి ఇవి.

“బాతుకు జబ్బులు రావు”

కోళ్లను తుడిచిపెట్టే రాణిఖేత్ జబ్బును బాతు చాలావరకు తట్టుకుంటుంది. ఈ మాట అక్కణ్నుంచే పుట్టి ఉంటుంది. కానీ డక్ ప్లేగు దాన్ని వదలదు. మనదేశంలో అది 1963లో పశ్చిమ బెంగాల్లో బయటపడింది, దానికి టీకా ఉంది. పక్షి జ్వరం 2014లోనూ 2021లోనూ పొరుగున కేరళ అలప్పుళ, కొట్టాయం బాతులను కబళించింది. అలాగని తుమ్మిన ప్రతి పిల్లకూ పక్షి జ్వరమేనని భయపడి పారెయ్యడం క్రూరత్వం. హఠాత్తుగా చాలా పక్షులు ఒకేసారి చస్తుంటే మాత్రం ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు తెలపాలి. ఆరోగ్యంగా ఉన్న బాతుపిల్లలోనూ సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ముద్దులు వద్దు, పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్లలోపు పసివాళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

పాలూ రొట్టే పెట్టడం ఇంకో అలవాటు. పక్షికి పాలలోని చక్కెర అరగదు, రొట్టెతో కడుపు నిండుతుంది తప్ప పోషణ లేదు. మందు కలిపిన కోడి దాణా బాతుకు విషమేనన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. కలిపిన మందును బట్టి ఉంటుంది. బాతు కోడికన్నా ఎక్కువ తింటుంది కనుక మందూ ఎక్కువ పోతుంది. సంచి మీది చీటీ డాక్టరుకు చూపించాకే వాడాలి. ఇక ఒంటరిగా పెరిగే పిల్ల బెంగతో మేత మానేస్తుంది. ఒకటి తేవడంకన్నా రెండు తేవడమే దయ.

తేనిలో 2020లో పశువైద్య కళాశాల మొదలైంది. తమిళనాడులోనూ తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్యానికి 1962 నంబరు ఉంది. కుంటడం మొదలైన రోజే, మేత మానిన పూటే ఫోన్ చెయ్యండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పిల్లతో పాటు అది తినే మేత గుప్పెడు కూడా పట్టుకెళ్లండి.