చిన్నారి చెవులు కుట్టించే ముందు

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి మందిరం మెట్లు దిగుతుండగా, చంటిబిడ్డను చంకన వేసుకున్న ఒక సహోదరి నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, పాపకు చెవులు కుట్టించమని మా అమ్మ పోరుతోంది. అది లోకాచారం, వద్దని మా అత్తగారు అంటున్నారు. నేనేం చేయాలి?" అని అడిగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

చూడటానికి ఇది చిన్న సంగతే. అయితే మన కుటుంబాలలో ఈ చిన్న సంగతి మీదనే వియ్యపురాళ్లు మాటలు మానుకున్న ఇళ్లు నాకు తెలుసు. మా ఇంట జరిగినది చెప్పితే ఆమెకే గాక మరికొందరు తల్లులకు కూడా ఉపయోగపడునని ఇది వ్రాస్తున్నాను.

మా ఇంటి అనుభవం

మా పుట్టింటివారు లూథరన్ సంఘస్థులు. మా అత్తగారు పెంతెకొస్తు విశ్వాసి. బాప్తిస్మము పొందిన దినమున ఆమె చెవుల కమ్మలు తీసివేసి, మరల ఎన్నడూ పెట్టుకోలేదు. మా పెద్దమ్మాయికి ఐదో ఏడు వచ్చినప్పుడు మా అమ్మ, గేదెపాలు అమ్మిన డబ్బులో కొంచెం కొంచెం దాచి, ఒక గ్రాము బంగారంతో పోగులు చేయించి పంపింది. అత్తగారు వాటిని చూసి ఒక్క మాటైనా అనలేదు. ఆ మౌనమే నాకు భయమైంది.

ఇద్దరినీ నొప్పించకూడదని నేను ఒక తెలివితక్కువ పని చేశాను. బంగారు పోగులు పెట్టెలో దాచి, ఎవరికీ చెప్పకుండా పిల్లను పక్క ఊరి తిరునాళ్లకు తీసుకువెళ్లాను. "జీళ్లు కొనిపెడతాను రా" అన్నాను గాని చెవులు కుట్టిస్తానని చెప్పలేదు. అక్కడ ఒకాయన అందరు పిల్లలకూ ఒకే సూదితో కుడుతున్నాడు. కుట్టి గిల్టు పోగులు పెట్టాడు. పిల్ల కెవ్వుమని కేక పెట్టి, ఇంటికి వచ్చేవరకు నా మొహం చూడలేదు.

మూడో రోజుకు చెవి తమ్మెలు ఎర్రగా వాచి, చీము పట్టింది. రాత్రికి జ్వరం వచ్చింది. నేను పసుపు, కొబ్బరినూనె కలిపి పూస్తుండగా అత్తగారు చూశారు. ఇప్పుడు తిడతారని తల వంచుకున్నాను. ఆమె తిట్టలేదు. పొయ్యి వెలిగించి, నీళ్లు కాచి చల్లార్చి, ఉప్పు వేసి, శుభ్రమైన గుడ్డతో తెల్లవార్లూ ఆ చెవులు తుడుస్తూ, ప్రార్థన చేస్తూ కూర్చున్నారు. తెల్లవారగానే పిల్లను తానే ఎత్తుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నడిచారు.

డాక్టరమ్మ ఆ పోగులు తీసి, మందులు ఇచ్చి, నన్ను గట్టిగానే మందలించింది. గిల్టు నగలలో తరచుగా నికెల్ అనే లోహం ఉంటుందనీ, అది పడనివారికి చెవి దురద పెట్టి రసి కారుతుందనీ, మురికి సూది దానికి తోడైందనీ చెప్పింది.

తిరిగి వచ్చే దారిలో అత్తగారు అన్న మాటలు నేను మరువలేదు. "అమ్మాయీ, నగ పెట్టుకోకపోవడం దేవుని యెదుట నేను చేసుకొన్న తీర్మానం. అది నీ మీద రుద్దను. నాకు చెప్పకుండా చేశావే, అదీ నాకు బాధ. పిల్లకు అబద్ధం చెప్పి తీసుకెళ్లావే, అది ఇంకా పెద్ద తప్పు."

ఆ మాట నిజమే. చెవులు పది రోజులలో నెమ్మదించాయి. కాని ఆ తరువాత చాలాకాలం నేను "రామ్మా, బజారుకు వెళ్దాం" అంటే, మా అమ్మాయి రెండు చేతులతో చెవులు మూసుకొని "ఎందుకు?" అని అడిగేది.

వాక్యములో చూచినయెడల

చెవిపోగుల విషయమై పరిశుద్ధ గ్రంథములో రెండు విధాల సంగతులు కనబడుతున్నాయి. ఆదికాండము 24వ అధ్యాయములో అబ్రాహాము దాసుడు రిబ్కాకు బంగారపు ముక్కు కమ్మిని, కడియములను ఇచ్చాడు. 35వ అధ్యాయములో యాకోబు తన ఇంటివారి చెవి పోగులను, అన్యదేవతల బొమ్మలతో పాటు, షెకెము దగ్గర చెట్టు క్రింద పాతిపెట్టాడు. నిర్గమకాండము 32వ అధ్యాయములో చెవిపోగులు బంగారు దూడ అయ్యాయి. 35వ అధ్యాయములో అదే ప్రజల నగలు ప్రత్యక్ష గుడారము కొరకు కానుకలయ్యాయి. బంగారం ఒక్కటే, మనస్సు వేరు. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయము, తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయము స్త్రీల దృష్టిని బయటి అలంకారము నుండి హృదయము వైపునకు, సత్క్రియల వైపునకు త్రిప్పుతాయి.

అందుచేతనే మన సంఘాలలో భేదము ఉన్నది. పెంతెకొస్తు, బ్రదరన్ సహవాసాలలో అనేకులు నగలు ధరించరు. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. సంఘాలలో చెవిపోగులు మామూలే. మన హిందూ సోదరులకు కర్ణవేధ షోడశ సంస్కారములలో ఒకటి. మనకు అది సంస్కారము కాదు గనుక ముహూర్తముతో పని లేదు. కుట్టించుకొన్న బిడ్డను తక్కువగా చూడరాదు. కుట్టించుకోని బిడ్డను "బోడి చెవులు" అని ఎగతాళి చేయరాదు.

కుట్టించేవారు గమనించవలసినవి

ముందుగా టీకా కార్డు చూడండి. ధనుర్వాతం రాకుండా కాపాడే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలలో ఇస్తారు. ఆ మూడు డోసులు పూర్తయ్యేవరకు ఆగడం మంచిది. కార్డు అర్థం కాకపోతే మీ ఊరి ఏ.ఎన్.ఎం.ను గాని ఆశా కార్యకర్తను గాని అడగండి.

కంసాలి దగ్గరైనా, ఆసుపత్రిలోనైనా, సూది కొత్తదై ఉండాలి, కుట్టేవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్-బి వంటి జబ్బులు రక్తం ద్వారా అంటుకోగలవు. అడగడానికి మొహమాటపడవద్దు.

మెత్తని తమ్మెకే కుట్టించండి. పై చెవిలో మృదులాస్థి ఉంటుంది. అక్కడ చీము పడితే మానడం కష్టం, చెవి ఆకారమే చెడిపోవచ్చు.

మొదటి పోగులు తేలికగా, నికెల్ లేనివిగా ఉండాలి. 916 బంగారమంటే నూటికి 91.6 వంతులు బంగారమే. పసిపిల్లలకు శీల ఊడి నోట్లో పెట్టుకొనే ప్రమాదం ఉంది గనుక అది గట్టిగా ఉన్నదో లేదో రోజూ చూడండి. వేలాడే జుంకాలు వద్దు, అవి లాగితే తమ్మె చిరుగుతుంది.

తమ్మె గాయం మానడానికి సుమారు 6 వారాలు పడుతుంది. రోజుకు రెండుసార్లు, చేతులు కడుక్కొని, కాచి చల్లార్చిన గ్లాసు నీటిలో పావు చెంచా ఉప్పు కలిపి మెల్లగా తుడవండి. పసుపు, మసి, పేడ వంటివి పూయవద్దు. చెరువు స్నానం మాన్పించండి. వాపు పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.

గాయం మానినచోట కండ గడ్డలా పెరిగే స్వభావం మీ కుటుంబంలో ఉంటే, ముందుగానే డాక్టరును అడగండి.

ఇక ఖర్చు సంగతి. మేనమామ బట్టలు, బంధువులకు విందు, ఫోటోలు అంటూ వడ్డీకి డబ్బు తెచ్చి చెవులు కుట్టించేవారున్నారు. అరగంట పని కోసం రెండేళ్లు అప్పు తీర్చడం ఏ బిడ్డకూ మేలు కాదు.

ఆ పోగులు ఏమయ్యాయి?

మా అమ్మాయి చెవుల రంధ్రాలు పూడిపోయాయి. పోగులు పెట్టెలోనే ఉన్నాయి. పదేళ్ల వయసులో ఒకరోజు తానే వచ్చి, "అమ్మా, అమ్మమ్మ పోగులు నాకు పెడతావా?" అని అడిగింది. ఈసారి నేను ఏదీ దాచలేదు. నొప్పి కొంచెం ఉంటుందనీ, వద్దనిపిస్తే ఆఖరి నిమిషంలోనైనా చెప్పవచ్చనీ అన్నాను. అత్తగారికి ముందే తెలియజేశాను. ఆమె కొంతసేపు ఆలోచించి, "పిల్ల ఏడిస్తే పట్టుకోవడానికి నేనూ వస్తాను" అన్నారు. ఆసుపత్రిలో మా అమ్మాయి ఒక చేతిని మా అమ్మ, మరొక చేతిని అత్తగారు పట్టుకొన్నారు. ఒకరి చెవులకు కమ్మలున్నాయి, ఒకరికి లేవు. పిల్ల ఏడవలేదు.

మందిరం మెట్ల దగ్గర అడిగిన ఆ సహోదరికి నేను చెప్పినది ఇదే. "పాప చిన్నది, తొందర లేదు. ముందు మీ అత్తగారి దగ్గర కూర్చొని మాట్లాడు. మీ అమ్మకూ చెప్పు. కుట్టించినా మానినా చాటున చేయకు." ప్రియమైన తల్లులారా, చెవికి పడిన రంధ్రం కొన్నాళ్లకు పూడిపోవచ్చు. బిడ్డ నమ్మకానికి పడిన రంధ్రం పూడటానికి చాలాకాలం పడుతుంది.