కళాశాలాధిపత్యము – అంతేవాసి పద్ధతి

ముప్పది సంవత్సరములు రసాయనశాస్త్రమునో, ఆంగ్లసాహిత్యమునో బోధించిన ఆచార్యుడొకడు ఒకనాటి ఉదయమున నియామకపుటుత్తరువు చేతబట్టుకొని ప్రిన్సిపాలు గదిలో ప్రవేశించును. నిన్నటివఱకు ఆయన ఎఱిగిన లోకము తరగతిగది, ప్రయోగశాల, గ్రంథాలయము. నేటినుండి ఆయన బల్లమీదికి వచ్చునవి జీతపుబిల్లులు, ఆడిట్ అభ్యంతరములు, రిజర్వేషన్ రోస్టరు, యూజీసీ గ్రాంటునకు సంబంధించిన వినియోగపత్రములు, నాక్ బృందమునకు సమర్పింపవలసిన నివేదికలు, వసతిగృహములో సాంబారు బాగులేదని విద్యార్థులు వ్రాసికొన్న అర్జీ. వీనిలో ఏ ఒక్కదానిని గూర్చియు ఆయనకు ఎవరును చెప్పియుండలేదు. చాల కళాశాలలలో నూతన ప్రిన్సిపాలునకు తొలి గురువు ఆఫీసు సూపరింటెండెంటు. ఆ పెద్దమనిషి మంచివాడైనచో అది కళాశాల అదృష్టము. కానిచో ఏమగునో అనుభవజ్ఞులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

బోధనకు అర్హతలు కలవు. పరిశోధనకు పర్యవేక్షకులు కలరు. పాలనమునకు మాత్రము వయస్సును, సర్వీసును చాలునని మన నమ్మకము. 2018 నాటి యూజీసీ నిబంధనలు ప్రిన్సిపాలు కాగోరువానికి డాక్టరేటును, పదునైదేండ్ల అనుభవమును, పది పరిశోధనవ్యాసములను విధించినవి. ఒక కళాశాల ఆదాయవ్యయపట్టికను ఆయన ఏనాడైనను తిరగవేసెనా అను ప్రశ్న ఆ అర్హతల వరుసలో కానరాదు.

పాలనము ఉపన్యాసములవలన అబ్బు విద్య కాదు. పాలించువాని చెంత కొంతకాలముండి, అతడు నిర్ణయము చేయుచున్నపుడు చూచి, చిన్న బాధ్యత నొకదానిని తాను మోసి, తప్పు జరిగినపుడు ఏకాంతమున చెప్పించుకొని నేర్చుకొనవలసిన విద్య. దీనినే నేటివారు మెంటరింగ్ అనుచున్నారు. ఆ మాట గ్రీకు పురాణకథనుండి పాశ్చాత్యులకు దొరకినది. మనకు అంతేవాసి అను మాట అనాదిగా ఉన్నది. గురువు సమీపమున వసించువాడని దాని అర్థము. కులపతి అను పదము సంగతియు ఇట్టిదే. పదివేలమంది శిష్యులకు అన్నము పెట్టి విద్య గఱపువాడు కులపతి యని పూర్వులు నిర్వచించిరి. అందు అన్నము మాట ముందు వచ్చుట గమనింపదగినది. వసతిగృహపు సాంబారును గూర్చిన అర్జీ మన పూర్వుల దృష్టిలో చిన్న విషయము కాదన్నమాట!

ఈ పద్ధతికి దృష్టాంతమును వెదకుకొనుచు మద్రాసు తెలుగువారు దూరదేశములకు పోనక్కఱలేదు. స్కాట్లండునుండి 1862లో ఈ పట్టణమునకు వచ్చిన విలియం మిల్లరు దొరగారు నలువది సంవత్సరములకు పైగా ఒకే విద్యాలయమునకు సారథ్యము వహించి, 1907లో స్వదేశమునకు మరలిరి. 1877లో ఆ విద్యాలయమే మద్రాసు క్రైస్తవకళాశాల యాయెను. నేడు తాంబరమున నున్న ఆ కళాశాల 1937 వఱకు ఎస్ప్లనేడు ప్రాంతమున ఉండెడిది. 1883లో కళాశాల పత్రిక వెలువడెను. 1901లో మిల్లరుగారు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతి యైరి. ఈ తేదీలకంటె ముఖ్యమైన దొకటి కలదు. కళాశాల యనగా పరీక్షలకు సిద్ధపఱచు కార్యాలయము కాదనియు, గురుశిష్యులు కలిసి నడపుకొను ఒక సంఘమనియు వారు భావించిరి. విద్యార్థులు వారి ఉపన్యాసములను వినుటయే కాక, వారు ఒక సంస్థను ఎట్లు నిలబెట్టుచున్నారో దినదినమును కన్నులార చూచుచుండిరి.

అట్లు చూచినవారిలో మచిలీపట్టణమున 1862లో జన్మించిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఒకరు. మిల్లరు మద్రాసునకు వచ్చిన సంవత్సరమును, నాయుడుగారు జన్మించిన సంవత్సరమును ఒకటే యగుట కాకతాళీయమైనను ముచ్చటైన విషయము. నాయుడుగారు మద్రాసు క్రైస్తవకళాశాలలో మిల్లరువారి శిష్యులై, పిమ్మట అధ్యాపకవృత్తి నవలంబించి, మచిలీపట్టణపు నోబిల్ కళాశాలలో ఆచార్యులుగా పేరుగాంచిరి. తరువాత సికిందరాబాదు మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలైరి. అటుపిమ్మట కాకినాడలోని పిఠాపురం రాజావారి కళాశాలకు 1904 ప్రాంతమున అధిపతిగా వచ్చి 1919 వఱకు దానిని నడపిరి. 1925 మొదలు 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండిరి. గురువు కూర్చున్న ఆసనమున శిష్యుడు కూర్చుండెను. ఆ మూడేండ్లలోనే, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసి తెలుగు జిల్లాల కళాశాలలు మద్రాసునుండి వేఱుపడినవి. పెద్ద సంసారమును పంపకము చేయుట ఎంత చిక్కుపనియో ఇంటి పెద్దలకే తెలియును.

ఈ క్రమములోని సోపానములు పరిశీలింపదగినవి. గొప్ప ప్రిన్సిపాలు చెంత విద్యార్థిత్వము, పిదప అధ్యాపకత్వము, పిదప చిన్న కళాశాల, పిదప పెద్ద కళాశాల, కడపట విశ్వవిద్యాలయము. ఒక్క మెట్టైనను దాటవేయబడలేదు. నాయుడుగారు శిష్యునిగా నేర్చిన విద్య ఎట్టిదో కాకినాడలో బయటపడినది. ఆ కళాశాలలో బాలురతోపాటు బాలికలను చేర్చుకొనిరి. అస్పృశ్యులని లోకము దూరముంచిన కులముల విద్యార్థులకు ద్వారములు తెఱచిరి. ఆ కాలమున అట్టి నిర్ణయము చేయుటకు నిబంధనల గ్రంథమేదియు తోడ్పడజాలదు. ఎవరు వ్యతిరేకింతురో, వారితో ఎట్లు మాటలాడవలెనో, ఎంతవఱకు సహింపవలెనో, ఎక్కడ కదలకుండ నిలువవలెనో అట్టివానిని దగ్గఱనుండి చూచినవానికే తెలియును. కళాశాల పోషకులైన పిఠాపురం మహారాజా రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహదూరువారు నాయుడుగారిని గురువుగా భావించిరి. నేటి ప్రిన్సిపాళ్ళలో ఎందఱకు తమ కరస్పాండెంటులతో ఇట్టి సంబంధము కలదో అడుగుట మర్యాద కాదు. కాని యాజమాన్యమునకు భయపడకయు, దానిని ఎదిరింపకయు, దానికే విద్య గఱపుట ప్రిన్సిపాలు ధర్మములలో నొకటి యని ఈ చరిత్ర తెలుపుచున్నది.

నోబిల్ కళాశాలలో నాయుడుగారి శిష్యులైన పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావుగారలు కోపల్లె హనుమంతరావుగారితో గూడి మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. గురువు నడపిన సంస్థలోనే ఉద్యోగము సంపాదించుటకు మాఱుగా క్రొత్త సంస్థను నిర్మింపబూనుట శిష్యుని పరిపక్వతకు గుర్తు.

ఇక ఆంధ్ర విశ్వవిద్యాలయపు తొలినాళ్ళు మఱియొక పాఠము. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1931లో వారి తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. 1936లో తిరిగి రెడ్డిగారు. ఇరువురును మద్రాసు క్రైస్తవకళాశాల విద్యార్థులే. ఇరువురును మైసూరు మహారాజా కళాశాలలో పనిచేసినవారే. స్వభావములు వేఱు, రాజకీయాభిప్రాయములు వేఱు. అయినను ఒకరు నాటిన మొక్కను రెండవవారు పెఱికివేయలేదు. నా దృష్టిలో దీనికి ముఖ్యకారణము, సంస్థను నడపుట యన నేమో ఇరువురును ఒకే పాఠశాలలో చూచియుండుట. వాల్తేరులో వీరు యువకులను నమ్మి పెద్దబాధ్యతల నొప్పగించిరి. ముప్పదేండ్లు నిండకముందే అక్కడ భౌతికశాస్త్రాచార్యులైన సూరి భగవంతంగారు 1952లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతి యై, 1957లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు డైరెక్టరైరి. వాల్తేరులోనే ఆచార్యులుగా ఎదిగిన వాసిరెడ్డి శ్రీకృష్ణగారు 1949లో రెడ్డిగారి యనంతరము ఉపకులపతి యై, 1961లో యూజీసీ అధ్యక్షపదవి నలంకరించిరి. వీరి కెవరును శిక్షణశిబిరములు నడపలేదు.

దీర్ఘకాలము ఒకే వ్యక్తి పాలించినంతమాత్రమున శిష్యులు తయారగుదురని భ్రమింపరాదు. కర్నూలులో జన్మించిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారు 1942 మొదలు 1969 వఱకు, ఇరువదియేడేండ్లు, మద్రాసు విశ్వవిద్యాలయమును పాలించిరి. వారి సామర్థ్యమును ఎవరును శంకింపరు. అయినను వారి యనంతరము వచ్చిన ఎన్.డి. సుందరవడివేలుగారు ప్రభుత్వవిద్యాశాఖనుండి వచ్చినవారు గాని విశ్వవిద్యాలయము తనలో పెంచుకొన్నవారు కారు. వటవృక్షము నీడ చల్లనిదే. దానిక్రింద వేఱొక వృక్షము ఎదుగుట మాత్రము అరుదు.

నేటి స్థితి యేమి? 1986 నాటి జాతీయవిద్యావిధానము ననుసరించి 1987లో యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పినది. మద్రాసు విశ్వవిద్యాలయమునకును అట్టిది లభించినది. 2015లో అవి మానవవనరుల అభివృద్ధికేంద్రములైనవి. 2023లో మాలవీయ మిషన్ పేరు దాల్చినవి. పేర్లు మాఱినంతగా పద్ధతి మాఱలేదు. అధ్యాపకులకు కొన్ని వారముల తరగతులు, ప్రిన్సిపాళ్ళకు కొలదిదినముల సదస్సులు. 2018లో కేంద్రప్రభుత్వము లీప్ అను పేర విద్యానాయకులకు మూడు వారముల శిక్షణను ప్రకటించినది; రెండు వారములు స్వదేశమున, ఒక వారము విదేశమున. ఇవి నిరర్థకములని నేననను. ఆర్థికనిబంధనలు, సర్వీసు రూల్సు, గుర్తింపు విధానము తరగతిలో చెప్పదగినవే. కాని పదునైదు రోజుల పిమ్మట ఆ ప్రిన్సిపాలు తన గదికి తిరిగివచ్చి, కళాశాల ద్వారమువద్ద సమ్మెచేయు విద్యార్థులను చూచినపుడు, ఎవరికి ఫోను చేయవలెను? శిక్షణము ముగిసినచోటనే ఆ పిలుపు మొదలగును.

అమెరికాలో ఏస్ అను విద్యామండలి 1965 నుండి నడపుచున్న పద్ధతి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది. ఎన్నికైన ఆచార్యుడు తన విశ్వవిద్యాలయమును వదలి, మఱియొక విశ్వవిద్యాలయపు అధ్యక్షుని చెంత చేరి, ఆయన సభలలో కూర్చుండి, ఆయన చేయు నిర్ణయముల వెనుకనున్న కారణములను అడిగి తెలిసికొనును. పరాయిసంస్థ యేల? తన పై అధికారియే గురువైనచో శిష్యుడు తన అజ్ఞానమును దాచుకొనును. రేపు తన రహస్యనివేదిక వ్రాయబోవువానితో “నాకీ బడ్జెటు అర్థము కాలేదు” అని చెప్పగలవాడెవడు? మార్గదర్శి వేఱు, అధికారి వేఱు కావలెనను సూత్రము ఇందు ప్రాణము వంటిది.

మన దేశమున దీనికి వేఱొక కారణమును కలదు. గురుశిష్యసంబంధమను పేర కులము, ఊరు, వర్గము దొడ్డిదారిన ప్రవేశించుట మన మెఱుగనిది కాదు. ఒకరి మనిషి యను ముద్ర పడినవానిని రెండవవారు నమ్మరు. కావున మార్గదర్శిగా నున్నవాడు ఆ శిష్యుని ఎంపికసంఘములో కూర్చుండరాదు. స్త్రీలకును, క్రిందికులములనుండి వచ్చినవారికిని ఈ నియమము మఱింత అవసరము. పెద్దల చాటుమాటు సంభాషణలలో వారికి స్థానము దొరకుట ఇప్పటికిని కష్టమే.

2020 నాటి జాతీయవిద్యావిధానములో మంచి వాక్యమొకటి కలదు. సమర్థులైన అధ్యాపకులను ముందుగనే గుర్తించి తయారుచేయవలెననియు, నాయకపదవులు ఖాళీగా ఉండరాదనియు, వెళ్ళువాడును వచ్చువాడును కొంతకాలము కలిసి పనిచేయుట ఆనవాయితీ కావలెననియు అందు వ్రాయబడినది. మన ఊరి అనుభవము దీనికి పూర్తిగా విరుద్ధము. 2023 ఆగస్టులో ఉపకులపతి పదవీకాలము ముగిసిన తరువాత మద్రాసు విశ్వవిద్యాలయము, ఎంపికసంఘమును గూర్చి గవర్నరుకును రాష్ట్రప్రభుత్వమునకును కలిగిన వివాదమువలన, ఏడాదికి పైగా కన్వీనరు సంఘము పాలనములో నుండెను. ఒప్పు ఎవరిదను విచారణ ఇచ్చట అనవసరము. 1857లో పుట్టిన విశ్వవిద్యాలయమున వెళ్ళినవారి చేతినుండి వచ్చువారి చేతికి తాళపుచెవులు అందలేదు. ఏ ఫైలు ఎందులకు ఆగినదో, ఏ వాగ్దానము ఎవరికి చేయబడినదో చెప్పువారు లేక, క్రొత్తవారు మొదటినుండి ఆరంభింపవలసి వచ్చును.

మన తెలుగువారికి దీనితో నేమి పని యని కొందఱు అడుగవచ్చును. పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేర 1950లో వెలసిన కళాశాల, కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి మహిళాకళాశాల, కలవల కన్నన్ శెట్టిగారి ధర్మనిధిచే పట్టాభిరామములో నడచు హిందూ కళాశాల – ఇవన్నియు ఈ పట్టణపు తెలుగు దాతల పేర్లతోను, ధర్మములతోను ముడిపడినవి. 2006 నాటి తమిళ అధ్యయన శాసనము వచ్చినపిమ్మట పాఠశాలలలో తెలుగు చదువువారు తగ్గుచుండగా, కళాశాలలలో ద్వితీయభాషగా తెలుగు నిలుచుట ప్రిన్సిపాలు శ్రద్ధపై ఆధారపడియున్నది. తెలుగు అధ్యాపకుడు పదవీవిరమణ చేసిన పిమ్మట ఆ స్థానమును నింపుటకు ప్రతిపాదనను ఎప్పుడు, ఎవరికి, ఏ కారణములతో పంపవలెనో తెలియని ప్రిన్సిపాలు, భాషాద్వేషము ఏమాత్రము లేనివాడైనను, ఆ స్థానమును పోగొట్టగలడు. ఒకసారి పోయిన స్థానము తిరిగివచ్చుట దుర్లభము.

2018 నిబంధనలే ఒక మార్గమును చూపుచున్నవి. ప్రిన్సిపాలు సిఫారసుపై సీనియరు అధ్యాపకుని రెండేండ్లకు వైస్ ప్రిన్సిపాలుగా నియమించుటకు అందు వీలున్నది. ఆ రెండేండ్లు సంతకాల పనికి కాక శిక్షణకు ఉపయోగపడవలెను. ఒక కళాశాల వైస్ ప్రిన్సిపాలు వారమున కొకదినము వేఱొక కళాశాల ప్రిన్సిపాలు చెంత గడపుటకు ఈ పట్టణమున రైలుటిక్కెట్టు ఖర్చు తప్ప వేఱొండు లేదు; చాకలిపేటకును పట్టాభిరామమునకును మధ్య దూరము అంతమాత్రమే. పదవీవిరమణ చేసి త్యాగరాయనగరులోను, పెరంబూరులోను విశ్రాంతి గైకొనుచున్న తెలుగు ప్రిన్సిపాళ్ళు కలరు. వారిని సన్మానసభలకు పిలిచి శాలువలు కప్పుటతో మన సంఘములు తృప్తిపడుచున్నవి. ఒక్కొక్కరికి ఒక్కొక్క వైస్ ప్రిన్సిపాలును అప్పగించి, నెలకు రెండు సాయంకాలములు మాటలాడుకొనుడని కోరిన చాలును. చర్చించినది వారిరువురి మధ్యనే ఉండవలెను. యాజమాన్యమునకు నివేదిక పోరాదు. జూనులో కళాశాలలు తెఱచునాటికి ఈ జంటలు కుదురవలెనన్నచో, యాజమాన్యములతో మాటలు మార్చిలోనే మొదలుపెట్టవలసియుండును.