వేలిముద్ర వేసే ముందు లెక్క వేయండి

సికింద్రాబాద్ స్టేషన్ పక్కనున్న రెజిమెంటల్ బజార్‌లో, ఒక టీ కొట్టు దగ్గర, జనగామ వైపు నుండి వచ్చిన వ్యవసాయ కూలీ ఒకరు మాకు కలిశారు. పొలం పనులు లేని రోజుల్లో పట్నంలో మట్టి పని చేస్తారు. "ఊళ్లె షావుకారు పాత కాయితం చింపి 9,600కు కొత్తది రాయమంటుండు. ఏలిముద్ర ఎయ్యాల్నా?" అని అడిగారు.

ఏడాది కింద తెచ్చిన అప్పు 10,000. మిత్తి నెలకు నూటికి 3 రూపాయలు. ఆరు నెలలు నిండిన రోజున 4,000 కట్టారు.

షావుకారు లెక్క ఇది: ఏడాది మిత్తి 3,600. అసలుతో కలిపి 13,600. కట్టిన 4,000 పోతే 9,600. వినడానికి సరిగానే ఉంది. మోసం అక్కడే ఉంది.

మేము అట్టముక్క మీద మెట్టు మెట్టుగా లెక్క వేశాం.

ఒకటి: పది వేలంటే 100 వందలు. నెల మిత్తి 300.
రెండు: ఆరు నెలలకు 1,800.
మూడు: కట్టిన 4,000లో మిత్తికి 1,800 పోగా, 2,200 అసలుకు చెల్లింది. మిగిలిన అసలు 7,800.
నాలుగు: 78 వందలకు నెల మిత్తి 234. ఆరు నెలలకు 1,404.
అయిదు: మొత్తం బాకీ 9,204.

తేడా 396 రూపాయలు. ఎక్కడిదీ 396? తీర్చేసిన 2,200 మీద నెలకు 66 చొప్పున ఆరు నెలల మిత్తి!

"కట్టిన పైసలకు గూడ మిత్తి గుంజుతుండా!" అన్నారాయన.

అంతటితో ఆగదు. కొత్త కాగితం రాస్తే 9,600 మొత్తం అసలైపోతుంది. నెల మిత్తి 234 కాదు, 288. పైగా "మూడు రూపాయలే" అన్న ఈ మిత్తి ఏడాదికి నూటికి 36!

1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో పల్లె ప్రజలు షావుకార్ల అప్పు పత్రాలను తగలబెట్టారు. 1990 దశకం తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులకు వెళ్లిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. చదువూ పోరాటమూ వేరు కావు.

కూలీ సోదరులారా! కట్టిన ప్రతి పైసాకూ తేదీతో రసీదు అడగండి. ఏ నెలలో ఏం జరిగిందో వరుసగా రాయండి. రాయడం రాకపోతే సంఘంలో కూర్చుని పిల్లల చేత రాయించండి. లెక్క తేలేదాకా వేలిముద్ర వేయకండి.

ఆయన అట్టముక్క మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఈ లెక్క షావుకారు ముంగటనే ఏస్త" అని సాయంత్రం బండికి బయలుదేరారు.