కాపాడే కణాలు ఎందుకు ఎదురు తిరుగుతాయి?

1957లో లండన్‌లో ఆలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మాన్ ఒక వింత చూశారు. వైరస్ తాకిన కణాలు ఏదో పదార్థాన్ని వదులుతున్నాయి. దాంతో మిగతా కణాలు వైరస్‌కు లొంగడం లేదు. దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. ఊళ్లో దొంగలు పడ్డారని దండోరా వేయడం లాంటిదన్నమాట.

దొంగ పోయాక దండోరా ఆగాలి కదా! రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడిచేసే లూపస్ జబ్బున్న చాలామందిలో అది ఆగదు.

ఎందుకంటే, చనిపోయిన కణాల నుంచి బయటపడ్డ డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని శరీరం సరిగా ఊడ్చేయలేకపోతే, కొన్ని రోగనిరోధక కణాలు వాటిని వైరస్ అనుకుని ఇంటర్‌ఫెరాన్ కుమ్మరిస్తాయి. యాంటీబాడీలకు మూలమైన బి కణాల మీద దీని ప్రభావం గట్టిదే. సొంత శరీరాన్నే గురిచూసే బి కణాలు మామూలుగా అదుపులో ఉంటాయి. ఇంటర్‌ఫెరాన్ ఎక్కువైతే ఆ కట్టు సడలుతుంది. అవి ప్లాస్మా కణాలుగా మారి సొంత డీఎన్‌ఏ మీదే యాంటీబాడీలు వదులుతాయి. ఆ యాంటీబాడీలు డీఎన్‌ఏ ముక్కలతో జతకట్టి మళ్లీ ఇంటర్‌ఫెరాన్‌నే పుట్టిస్తాయి. అసలు చిక్కంతా ఈ తిరుగుడులోనే ఉంది. ఆ జతలు మూత్రపిండాల్లో పేరుకుంటే వాపు, నష్టం.

లూపస్‌కు 2021లో అమెరికా అనుమతించిన అనిఫ్రోలుమాబ్ అనే మందు, ఇంటర్‌ఫెరాన్ అతుక్కునే గ్రాహకాన్ని మూసేస్తుంది. కాపలా కొంత తగ్గుతుంది కాబట్టి, వాడేవారిలో సర్పి వచ్చే అవకాశం పెరుగుతుంది.