ఇంటి కరెంటు వైరు ఎంత లావు ఉండాలి?

మీ ఇంటి మనిషిని ఇంకో రెండు రోజుల్లో డిశ్చార్జి చేస్తామని డాక్టరుగారు చెప్పి ఉంటే, మందులు ఎలా వేయాలి, పథ్యం ఏమిటి, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్న సంగతులు మీరు తప్పక అడుగుతారు. ఇంట్లో కరెంటు వైరు సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఆస్పత్రి పుస్తకంలో వైరుకేం పని అని మీకు అనిపించవచ్చు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవారు కొందరికి ఇంటి దగ్గర కూడా ఆక్సిజన్ మిషను అవసరమవుతుంది. దానికి తోడు నెబ్యులైజరు, గాలి పరుపు, స్నానానికి వేడి నీళ్ళ రాడ్డు, మార్కాపురం ఎండలకు కూలరు. ఇవన్నీ ఒకే గదిలోకి, చాలాసార్లు ఒకే ప్లగ్గు మీదికి వచ్చి చేరతాయి. ఆ ప్లగ్గుకు వచ్చే వైరు ఎప్పుడో ఒక బల్బుకు, ఒక ఫ్యానుకు వేసినది కావచ్చు. తనంతట తాను మంచం దిగలేని మనిషి ఉన్న గదిలో ఆ వైరు అంటుకుంటే ఏమవుతుందో ఆలోచించండి.

వైరులో కరెంటు పోవడం కాలువలో నీళ్ళు పారడం లాంటిది. కంభం చెరువు కింద సేద్యం చేసినవారికి ఇది చెప్పనక్కరలేదు. పిల్లకాలువలోకి పెద్దకాలువ నీళ్ళు వదిలితే గట్టు తెగుతుంది. వైరుకు గట్టు అంటే పైనున్న ప్లాస్టిక్ తొడుగు. లోపలి రాగి సన్నగా ఉండి కరెంటు ఎక్కువైతే రాగి వేడెక్కుతుంది. కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. మామూలు పీవీసీ తొడుగు ఓర్చుకునేది 70 డిగ్రీల వేడి వరకే. అది దాటితే అదే రోజు కాలిపోతుందని కాదు. కొద్దికొద్దిగా గట్టిపడి, పెళుసెక్కి, పగుళ్ళిస్తుంది. ఒకనాటికి లోపలి తీగలు ఒకదానికొకటి తగులుతాయి. అందుకే "ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదా" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు.

మీ ఇంట్లో లెక్క మీరే వేసుకోవచ్చు. ప్రతి మిషను వెనుకా ఒక చిన్న చీటీ అంటించి ఉంటుంది. దాని మీద వాట్లు ఎన్నో చూసి 230తో భాగించండి. వచ్చినది ఆంపియర్లు, అంటే ఆ మిషను లాగే కరెంటు. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే ఆక్సిజన్ మిషను సుమారు 350 వాట్లు, అంటే ఒకటిన్నర ఆంపియరు. కూలరు 200 వాట్లు, ఒక ఆంపియరు కూడా ఉండదు. ఇవి రెండూ వైరుకు బరువు కావు. అసలు బరువంతా వేడి పుట్టించే వస్తువులది. నీళ్ళ రాడ్డు 1500 వాట్లు, ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు. ఈ నాలుగూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెడితే 3050 వాట్లు, 13 ఆంపియర్లు దాటుతుంది.

గోడలో పైపు గుండా వేసిన 1 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు మోయగలిగేది 11 ఆంపియర్లు. రెండున్నర వైరు 18, నాలుగు వైరు 24, ఆరు వైరు 31 ఆంపియర్ల దాకా మోస్తాయి. కాబట్టి లైట్లకు, ఫ్యాన్లకు 1 లేదా ఒకటిన్నర చాలు. రాడ్డు, ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్జు, ఇండక్షన్ పొయ్యి పెట్టే పవర్ ప్లగ్గుకు రెండున్నర కంటే తక్కువ వేయవద్దు. గీజరుకు, ఏ.సి.కి నాలుగు వైరు, అదీ ఒక్కొక్కదానికి విడిగా బోర్డు దగ్గరి నుంచి లాగాలి. మీటరు నుంచి బోర్డుకు వచ్చే మెయిన్ వైరు చిన్న ఇంటికైనా ఆరు ఉంటే మంచిది.

పాత ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ 3/22, 7/20 అని పాత లెక్కలో చెబుతారు. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, ఇక్కడే చాలామంది తికమకపడతారు. 3/22 అంటే సుమారు 1.2 స్క్వేర్ ఎం.ఎం., 3/20 అంటే 2కు కొంచెం తక్కువ, 7/20 అంటే నాలుగున్నర. "మీ పవర్ ప్లగ్గుకు 3/22 ఉందమ్మా, ఏం భయం లేదు" అని ఎవరైనా అంటే, భయం ఉందని తెలుసుకోండి.

పైన చెప్పిన ఆంపియర్లు చుట్టూ గాలి 40 డిగ్రీలు ఉన్నప్పటివి. గిద్దలూరు, మార్కాపురం వైపు ఎండాకాలం 40 దాటడం కొత్తేమీ కాదు. రేకుల కప్పు కింద అయితే ఇంకా ఎక్కువ. అటువంటి చోట వైరు మోసే శక్తి తగ్గుతుంది గనుక లెక్కకు సరిగ్గా సరిపోయే వైరు కాకుండా ఒక సైజు పైది తీసుకోండి.

ఇప్పుడు ఫ్యూజు సంగతి. వైరు కొనేటప్పుడు జాగ్రత్త పడిన ఇళ్ళలో కూడా తప్పు జరిగేది ఇక్కడే. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. వైరు వేడెక్కకముందే తాను కాలిపోయి కరెంటు ఆపడమే దాని పని. అది కాలిపోగానే ఏదో వైరు ముక్క ఒలిచి నాలుగు పోగులు మెలిపెట్టి కట్టేస్తే ఫ్యూజు ఇక కాలదు. దాని బదులు గోడలోని వైరు కాలుతుంది. ఎం.సి.బి. మాటిమాటికీ పడిపోతోందని 16 తీసి 32 పెట్టించేవారు చేసేదీ ఇదే. జ్వరం చూపిస్తోందని థర్మామీటరు పగలగొట్టినట్లుంటుంది. ఒకటిన్నర వైరుకు 6 లేదా 10, రెండున్నరకు 16, నాలుగుకు 20 ఆంపియర్ల ఎం.సి.బి. పెట్టాలి. అది పడిపోతే వైరైనా మార్చాలి, ప్లగ్గు మీది బరువైనా తగ్గించాలి.

దూరం కూడా లెక్కే. మన ప్రాంతంలో బోర్లు వందల అడుగుల లోతుకు వెళ్ళాయి, మోటారు వైరు పొడవూ అలాగే పెరిగింది. 7 ఆంపియర్లు లాగే మోటారుకు 50 మీటర్ల దూరం 1 స్క్వేర్ ఎం.ఎం. వైరు వేస్తే దారిలోనే సుమారు 14 వోల్టులు పోతాయి. నాలుగు వైరు వేస్తే పోయేది మూడున్నర వోల్టులే. అసలే ఎండాకాలం వోల్టేజి తక్కువ. వోల్టేజి పడితే మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. బోరు లోపలికి దిగే కేబులు పొడవు కూడా ఈ లెక్కలో కలపడం మరచిపోవద్దు.

ఆక్సిజన్ మిషనుకు విడిగా ఒక ప్లగ్గు, మూడు కాళ్ళది, ఎర్తు ఉన్నది కేటాయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ప్లగ్గు వదులుగా ఉంటే నిప్పురవ్వలు వస్తాయి. ఆక్సిజన్ ఉన్నచోట చిన్న రవ్వ కూడా బట్టను, దుప్పటిని వెంటనే అంటిస్తుంది. ఆ గదిలో బీడీ, అగరొత్తి, దీపం కూడా పనికిరావు. కరెంటు పోతే ఏం చేయాలో, సిలిండరు అవసరమో కాదో డిశ్చార్జికి ముందే డాక్టరుగారిని అడగండి.

ఒక మాట స్పష్టంగా తెలుసుకోవాలి. ఫ్యూజైనా ఎం.సి.బి. అయినా షాక్ నుంచి మనిషిని కాపాడవు. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు కూడా ఎక్కువే, అంత కొద్ది కరెంటుకు అవి కదలవు. మనిషి కోసం ఉన్నది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., దానితోపాటు మంచి ఎర్తు. మన నేల ఎండాకాలం బాగా ఎండిపోతుంది గనుక ఎర్తు గుంటలో అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పోయండి.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో పట్టుకుని లాగవద్దు. ముందు మెయిన్ ఆపండి. వీలుకాకపోతే పొడి కర్రతో వైరును నెట్టి 108కి ఫోను చేయండి. కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లని నీళ్ళు పోయాలి. పేస్టు, సిరా, పసుపు పూయవద్దు. పైకి చిన్న మచ్చగా కనిపించినా కరెంటు గాయం లోపల లోతుగా ఉండవచ్చు, గుండె లయ తప్పవచ్చు. లేచి మామూలుగా తిరుగుతున్నా సరే ఆస్పత్రికి తీసుకురండి.

వైరు కొనేటప్పుడు చుట్ట మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పైన ఐ.ఎస్. 694 అన్న నంబరు చూడండి. ఎఫ్.ఆర్.ఎల్.ఎస్. రకం దొరికితే అదే తీసుకోండి, మంట తొందరగా పాకదు, పొగ తక్కువ వస్తుంది. ఊపిరి సరిగా ఆడని మనిషి ఉన్న ఇంట్లో మంట కంటే ముందు ప్రాణం తీసేది పొగ. షాపుకు వెళ్ళేముందు మిషన్ల వాట్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఏది ఏ ప్లగ్గులో పెడతారో పక్కనే గుర్తు పెట్టుకోండి. ఆ కాగితం ఎలక్ట్రీషియన్ చేతికిచ్చి, ఏ ప్లగ్గుకు ఎంత వైరు, ఎన్ని ఆంపియర్ల ఎం.సి.బి. వేస్తున్నాడో దాని మీదే రాయించుకోండి.