అరికాళ్ల తిమ్మిరి వెనుక దాగిన లోపం

మార్టూరులో మిరపకోతల కాలంలో ఒక గృహిణి నా వద్దకు వచ్చింది. అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలుడు. శుద్ధ శాకాహారి. ముఖంలో పాలిపోవడం లేదు గనుక రక్తహీనతను శంకించక, వాతవికారమని నిశ్చయించి రెండు నెలలు క్షీరబలా తైలంతో మర్దన చేయించాను. గుణం కనిపించలేదు.

భర్త పేర ఉన్న ప్రైవేటు ఆరోగ్యబీమాలో ఏటా ఉచిత రక్తపరీక్షలు ఉన్నాయట. నాలుగేళ్లుగా ఇంటిల్లిపాదీ వాటిని వాడుకోనేలేదు! చేయించమన్నాను. విటమిన్ బి12 మిక్కిలి తక్కువగా ఉన్నదని తేలింది. అంతకుముందు నీరసానికని ఆమె చాలాకాలం ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడిందట. ఆ సంగతి నేను అడగలేదు.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన మహౌషధమది. అయితే బి12 లోపించినవారు అదొక్కటే సేవిస్తే రక్తం బాగుపడినట్లు తోస్తుంది, నాడులు మాత్రం క్షీణిస్తూనే ఉంటాయి.

ఇంజెక్షన్లకై ఆమెను అల్లోపతి వైద్యుని వద్దకు పంపాను. పాలు, పెరుగు పెంచమన్నాను. నడక కుదిరింది. వేళ్లలో కొంత తిమ్మిరి మిగిలిపోయింది. ఆ రెండు నెలల జాప్యం నాదే.

ఇంజెక్షన్లకు బీమా డబ్బు రాలేదు. ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలో భాగంగా వైద్యుడు వ్రాస్తే తప్ప విటమిన్లకు సాధారణంగా చెల్లించరు. పరీక్షల సదుపాయమూ అన్ని పాలసీలలో ఒకేలా ఉండదు. కనుక పాఠకులు పాలసీ పత్రం తీసి, ఏటా ఏ పరీక్షలు ఇస్తారో, అందులో బి12 ఉన్నదో లేదో చూసుకోవాలి. లేకుంటే, శాకాహారులు ఆ ఒక్కటీ సొంత ఖర్చుతోనైనా చేయించుకోవాలి.